గోడమీద లెక్క



"లెక్క" అనే మాట మన కృష్ణా డెల్టా ఇండ్లలో చిన్ననాటినుండి వినబడే మాట. కుప్ప నూర్చిన రోజున ఎన్ని బస్తాలు అయినవో భూమిగలవాడు, కౌలుదారు ఇద్దరూ కళ్లంలో నిలబడి లెక్క పెట్టుకుంటారు. డ్వాక్రా సంఘములో ఎవరు ఎంత కట్టారో పుస్తకములో వ్రాసి, చదువురాని సభ్యురాలికి చదివి వినిపిస్తారు. ఆదివారపు కానుకలను ఇద్దరు పెద్దలు కలిసి లెక్కిస్తారు గాని ఒక్కరే లెక్కించరు. ఇవేవీ అనుమానముతో చేసే పనులు కావు. అన్నదమ్ముల మధ్యనైనా లెక్క తేటగా ఉండాలని మన పెద్దలకు తెలుసు. అయితే ఊరి డబ్బు, పట్టణపు డబ్బు దగ్గరకు వచ్చేసరికి ఈ మంచి అలవాటును గుమ్మం బయటే విడిచిపెడతాము. "అది రాజకీయం, మనకెందుకు" అంటాము. ఆ "మనకెందుకు" అనే మాట గురించే ఈ నెల నాలుగు సంగతులు వ్రాయాలని ఆశపడుచున్నాము.

మేము విజయవాడలో సింగ్ నగర్ వైపు, బుడమేరుకు దగ్గరలోని ఒక పేటలో పరిచర్య చేస్తున్నాము. మా సంఘములో ఎక్కువమంది పామర్రు, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతాల పల్లెలనుండి పని వెదుక్కుంటూ వచ్చిన కుటుంబాలవారు. మగవారు ఆటోనగర్ షెడ్లలోను, తాపీ పనులలోను ఉంటారు. ఆడవారు ఇండ్లలో పనిచేస్తారు, కుట్టు మిషను త్రొక్కుతారు. ఆదివారం మధ్యాహ్నము మేము వారి సొంత ఊళ్లలోని చిన్న మందిరాలకు కూడా వెళ్లి వస్తుంటాము. గనుక ఇది పట్నంలో జరిగిన సంగతే అయినా పల్లెలోని చదువరులకు కూడా చెందినదే.

మా సంఘములో ఒక సహోదరి ఉన్నది. చదివినది పదవ తరగతి. బ్రతుకుతెరువు కుట్టుపని. డ్వాక్రా గ్రూపు లీడరుగా పదేండ్లకు పైగా పుస్తకాలు వ్రాసింది. 2018లో ఆమె ఉండే సందులో ప్రక్క కాలువ కట్టారు. కట్టిన నెలలోనే "కాలువ సగమే కట్టి డబ్బంతా మింగేశారు" అనే మాట కుళాయి దగ్గర పుట్టి సందంతా ప్రాకింది. ఆమె ఆ మాటకు అవుననలేదు, కాదనలేదు. సమాచార హక్కు చట్టము క్రింద 10 రూపాయల రుసుముతో ఒక దరఖాస్తు పెట్టింది. పని అంచనా కాగితము, ఇంజనీర్లు కొలతలు వ్రాసుకునే ఎం.బుక్కు నకలు కావాలని అడిగింది. చట్టము చెప్పిన 30 రోజులలోగానే కాగితాలు వచ్చాయి.

ఆమె తన కుట్టు టేపు తీసుకొని కాలువ కొలవడం మొదలుపెట్టింది. జాకెట్టు కొలిచే టేపుతో కాలువ కొలుస్తున్నదని పిల్లలు నవ్వారు. మెకానిక్కుగా పనిచేసే భర్త షెడ్డునుండి పొడవు టేపు తెచ్చాడు. సందులోనివారంతా చూస్తుండగా పొడవు, వెడల్పు, లోతు కొలిచారు. కాగితములో ఉన్నదీ కాలువలో ఉన్నదీ సరిపోయినవి.

"అయ్యగారూ, ఆ కాంట్రాక్టరు దొంగ కాదండి. మా సందులోవాళ్లు ఊరకనే ఆ మనిషిని దొంగను చేశారు" అని ఆమె ఆ సాయంత్రము మాతో అన్నది.

మేము ఆ మాటను చాలాకాలము మనస్సులో పెట్టుకున్నాము. లెక్క అడగడమంటే దొంగను పట్టుకోవడమే అని మనలో చాలామంది తలంపు. అందుకే లెక్క అడిగినవాడు తగవులమారిగా కనబడతాడు. కాని లెక్క బయటపడితే మొదట మేలు పొందేది నిజాయితీగా పనిచేసినవాడే. లెక్క మూసి ఉన్నచోట దొంగకూ దొరకూ ఒకే పేరు వస్తుంది.

2020 మార్చిలో నగర పాలక సంస్థ ఎన్నికలకు నామినేషన్లు మొదలైనవి. అప్పుడు ఆమె భర్తతో కూడా మా ఇంటికి వచ్చి, "అయ్యగారూ, అమ్మగారూ, కార్పొరేటరుగా నిలబడదామనుకుంటున్నాను. ప్రార్థన చేయండి" అన్నది. ఆమె ఉండే డివిజను ఆ ఎన్నికలలో జనరల్ మహిళకు వచ్చింది. ఏ పార్టీ టిక్కెట్టూ లేదు. ఇండిపెండెంటుగా నిలబడాలని ఆమె ఆలోచన.

ఈ పదవి గురించి చదువరులకు కొంత చెప్పాలి. విజయవాడకు 1888లో పురపాలక సంఘము వచ్చింది. 1981లో అది నగర పాలక సంస్థ అయింది. దానికి తొలి మేయరు టి. వెంకటేశ్వరరావు. 2000లో ప్రజలు మేయరును నేరుగా ఎన్నుకున్నపుడు పంచుమర్తి అనూరాధ 26 ఏండ్ల వయస్సులో ఆ పదవికి వచ్చారు. 1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పట్టణ పాలక సంస్థలకు ఐదేండ్లకొకసారి ఎన్నికలు జరగాలని, స్త్రీలకు మూడవ వంతుకు తగ్గకుండా స్థానాలు ఉండాలని చెప్పింది. మన రాష్ట్రములో తరువాత అది సగము అయింది. అయినను 2010 నుండి 2014 వరకు, మరల 2019 నుండి 2021 వరకు విజయవాడలో ఎన్నికైన కౌన్సిలు లేదు. ఆ సంవత్సరాలలో సందులోని మనిషి తన మాట చెప్పుకోవడానికి తన ఓటుతో వచ్చిన మనిషి ఒక్కరూ లేరు.

కార్పొరేటరు చేతిలో ఖజానా తాళం ఉండదు. పనులు చేయించి బిల్లులు చెల్లించేది కమిషనరు, ఆయన క్రింది ఇంజనీర్లు. కార్పొరేటరు చేయగలిగినది డివిజనుకు కావలసిన పనిని ప్రతిపాదించడం, బడ్జెట్టుపై మాట్లాడడం, కౌన్సిల్లో లేచి ప్రశ్న అడగడం, జరుగుతున్న పనిని కంటితో చూడడం. అంటే ఆ పదవిలో సగము పని లెక్క అడగడమే. మన సహోదరి దీనిని ముందుగానే తెలుసుకున్నది. అందువలన రోడ్లు వేయిస్తాను, స్థలాలు ఇప్పిస్తాను అని ఎవరికీ వాగ్దానము చేయలేదు. కరపత్రములో మూడే మాటలు వ్రాసింది. డివిజనులో జరిగే ప్రతి పనికీ అంచనా ఎంత, కాంట్రాక్టరు ఎవరు, ఎప్పటికి పూర్తి కావాలి అనేది సందు మొదట్లో బోర్డు మీద వ్రాయిస్తాను. నెలకొకసారి వీధిలోనే కూర్చుని అడిగినవారికి జవాబు చెబుతాను. ఏటేటా నా ఇంటి ఆస్తి, అప్పు అందరికీ తెలియజేస్తాను. ఇంతే.

నామినేషను వేయకముందే మొదటి శోధన వచ్చింది. ఒక పార్టీకి చెందిన పెద్దమనిషి వారి ఇంటికి వచ్చి, "అమ్మా, ఇక్కడ ఇండిపెండెంటుగా నిలబడి ఏం గెలుస్తావు? వేరొక డివిజను ఎస్సీ మహిళకు రిజర్వు అయింది. నీ పుట్టింటి సర్టిఫికెట్టు ఎస్సీదే గదా. ఊఁ అను, బి-ఫారం మేమిస్తాం. ఖర్చు కూడా మేమే చూసుకుంటాం" అన్నాడట. ఆమె బాప్తిస్మము పొంది సంఘములో సభ్యురాలుగా ఉన్న మనిషి. ఆ సంగతి చెబితే "అవన్నీ ఎవరు చూస్తారమ్మా" అన్నాడట.

ఇది మన సంఘాలలో చాలామందికి గుండెకు దగ్గరగా ఉన్న సంగతి గనుక జాగ్రత్తగా వ్రాస్తున్నాము. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవ విశ్వాసము అవలంబించినవారు షెడ్యూల్డు కులముల జాబితాలోకి రారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ ఉత్తర్వులో చోటు దొరికింది గాని మనకు దొరకలేదు. మన రాష్ట్రములో అట్టివారిని బీసీ-సి గా లెక్కిస్తారు. ఈ భేదమును ప్రశ్నిస్తూ 2004లో సుప్రీంకోర్టులో పిటీషను పడింది. దీనిని తొలగించమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషను సిఫారసు చేసింది. 2022లో కె.జి. బాలకృష్ణన్ కమిషనును వేశారు. కులపు బాధ గుడి మారినంత మాత్రాన పోలేదని మన పేటలలో పుట్టి పెరిగిన ప్రతివారికి తెలుసు. ఈ చిక్కులో నలుగుచున్న కుటుంబాలను తీర్పు తీర్చడానికి మేము ఎవరము? వారి కన్నీరు మాకు తెలుసు.

అయితే ఆమె అన్న మాట ఒకటి ఇక్కడ వ్రాయకుండా ఉండలేము. "అయ్యగారూ, ముందు నా కాగితమే అబద్ధమైతే, రేపు కాంట్రాక్టరును నీ కాగితం చూపించమని ఏ నోటితో అడుగుతానండి?" అన్నది. ఆ ఉత్తర్వు అన్యాయమని ఆమెకూ తెలుసు. దానిని కోర్టులో, వీధిలో, పట్టపగలు ఎదిరించాలని ఆమె నమ్మకము. దొడ్డిదారిన వెళితే రేపు ఎవడైనా ఒక్క మాట అని నోరు మూయించగలడని కూడా ఆమెకు తెలుసు. బి-ఫారం వద్దన్నది. చేతికి అందిన పదవి వదులుకుందని చుట్టాలు చాలారోజులు సాధించారు.

రెండవ శోధన మా మందిరానికే వచ్చింది. మా మందిరముపై రేకులు పాతవి. వాన పడితే రెండుమూడు చోట్ల గిన్నెలు పెట్టాలి. పోటీలో ఉన్న మరొక అభ్యర్థి తరపువారు వచ్చి, "రేకులు మొత్తం మార్పిస్తాం అయ్యగారూ. ఆదివారం ఆరాధన చివర మావాళ్లకు రెండు నిమిషాలు మైకు ఇవ్వండి చాలు" అన్నారు. ఆ రాత్రి సంఘ పెద్దలు కూడుకున్నారు. "వాళ్లకు ఇవ్వకపోతే పోనీయండి, మన బిడ్డ నిలబడింది గదా, ఆమె పేరైనా పుల్పిట్ మీదనుండి చెప్పండి" అని ఒక పెద్దాయన అన్నారు. ప్రేమతోనే అన్నారు.

మేము రెండూ చేయలేదు. ప్రార్థనా స్థలాలను ఎన్నికల ప్రచారమునకు వాడరాదని ఎన్నికల నియమావళి స్పష్టముగా చెబుతున్నది. అది ఒక కారణము. అంతకంటె పెద్ద కారణము మరొకటి ఉన్నది. మందిరములో కూర్చున్నవారిలో అన్ని పార్టీలవారూ ఉన్నారు. కాపరి ఒక పేరు పలికితే, ఆ పేరు నచ్చనివారు వాక్యము వినడానికి వచ్చి ప్రచారము విని వెళతారు. ఇంకొక సంగతి, మైకు అమ్ముకున్న సంఘము ఆ ఐదేండ్లూ ఆయనను ఏమీ అడగలేదు. మేము పుల్పిట్ మీదనుండి చెప్పినది, ఓటు తప్పక వేయండి, డబ్బు పుచ్చుకోకండి, నిలబడినవారందరి కొరకు ప్రార్థించండి అని మాత్రమే. మన సహోదరి కూడా "నాకు ఆ మైకు వద్దండి. నేను గుమ్మం గుమ్మానికీ తిరుగుతాను" అన్నది. ఆ నిర్ణయము వలన రెండు కుటుంబాలు కొంతకాలము ఆరాధనకు రావడం మానుకున్నవి. ఆ వానాకాలములో కూడా గిన్నెలు పెట్టవలసి వచ్చింది.

డబ్బు సంగతి ఎత్తాము గనుక ఒక లెక్క చెబుతాము. ఒక ఓటుకు 1,000 రూపాయలు ఇచ్చారనుకోండి. ఐదేండ్లకు దానిని పంచితే రోజుకు 55 పైసలు కూడా రాదు. ఆ 55 పైసలకు మన వీధి దీపము, మన మంచినీరు, మన కాలువ గురించి అడిగే నోటిని అమ్ముకుంటున్నాము. చట్టము దృష్టిలో ఇచ్చినవారే గాక పుచ్చుకున్నవారు కూడా నేరము చేసినవారే. "కవరు పుచ్చుకోకపోతే మా పేరు గుర్తుపెట్టుకుంటారేమో అయ్యగారూ" అని ఒక ముసలి తల్లి మాతో భయపడుతూ అన్నది. ఆ భయము నిజమైనది. పేదవారి చేతిలో కవరు పెట్టేది ఎక్కువసార్లు ఆశ కాదు, భయమే. ఆమె చెయ్యి పట్టుకొని, ఓటు రహస్యమని, ఎవరికి వేసిందీ ఎవరికీ తెలియదని నెమ్మదిగా చెప్పాము. అటువంటి తల్లులను గద్దించడం వలన ప్రయోజనము లేదు. ప్రక్కన నిలబడితే ధైర్యము వస్తుంది.

ఇక గోడ సంగతి. మన సహోదరి ప్రచారము మొదలుపెట్టిన రోజునుండి తన ఇంటి ముందు గోడమీద ఒక తెల్ల కాగితము అంటించింది. కరపత్రాలకు ఎంత, ఆటోకు ఎంత, తిరిగినవారికి టీ నీళ్లకు ఎంత, ఎవరు ఎంత సహాయము ఇచ్చారు అనేది ఏ రోజుకారోజు డ్వాక్రా పుస్తకము వ్రాసినట్లే వ్రాసింది. దారిన పోయేవారు ఆగి చదివేవారు. కొందరు నవ్వేవారు. "ఈమె ఖర్చు మావాళ్ల ఒక పూట బిరియానీకి చాలదు" అన్నవారు ఉన్నారు.

అంతలో 2020 మార్చి 15న కరోనా వలన ఎన్నికలు ఆపివేశారు. వేసిన నామినేషన్లు ఏడాదిపాటు అలాగే ఉండిపోయినవి. ఆ లాక్‌డౌన్ రోజులలో మా సంఘము, ఇరుగుపొరుగువారు కలిసి బియ్యము, కూరగాయలు పంచాము. ఆ బాధ్యత ఆమెకే అప్పగించాము. ప్రచార ఖర్చు వ్రాసిన గోడమీదనే ఎన్ని కిలోల బియ్యము వచ్చినది, ఎన్ని ఇండ్లకు వెళ్లినది వ్రాసి పెట్టింది. మన విశ్వాసులకే పంచుకున్నారని ఒక్కరు కూడా అనలేదు. అనడానికి గోడ అడ్డమున్నది.

2021 మార్చిలో ప్రక్రియ మరల మొదలైనది. 3వ తేదీతో నామినేషన్ల ఉపసంహరణ ముగిసింది. ఆ రెండు రోజులలో "ఆమె డబ్బు పుచ్చుకొని తప్పుకుంటుంది" అని పుకారు పుట్టించారు. మామూలుగా అయితే అటువంటి పుకారు ఒక స్త్రీని ఇంట్లో కూర్చోబెడుతుంది. ఆమె ఎవరితోనూ వాదించలేదు. గోడమీద కొత్త కాగితము అంటించి, ఆనాటివరకు వచ్చినది, ఖర్చయినది, అప్పు ఉన్నది వ్రాసి, క్రింద తానూ భర్తా ఇద్దరూ సంతకము చేశారు. సందులోనివారే పుకారు చెప్పినవారితో "పోయి గోడ చదువుకోండి" అన్నారు. కాలువ కొలిచిన రోజున కాంట్రాక్టరును కాపాడినట్లే, ఆ రోజున లెక్క ఆమెను కాపాడింది.

మార్చి 10న పోలింగు, 14న ఫలితాలు. విజయవాడలోని 64 డివిజన్లలో వైయస్సార్ కాంగ్రెసు 49, తెలుగుదేశము 14, సిపిఎం 1 గెలిచినవి. పార్టీ లేనివారు ఒక్కరు కూడా గెలవలేదు. మన సహోదరి ఓడిపోయింది. ఫలితాలు వచ్చిన 45 రోజులలోగా ప్రతి అభ్యర్థి ఖర్చుల లెక్క ఎన్నికల అధికారులకు ఇవ్వాలని నియమము. గోడమీది కాగితాలను అలాగే నకలు తీసి ఆమె ఇచ్చివేసింది. తరువాతి ఆదివారము స్త్రీల కూడికలో ఎప్పటివలెనే చాపలు పరచింది.

ఓడిపోయిన తరువాత ఏమి మిగిలింది అని మీరు అడగవచ్చు. కొన్ని నెలల తరువాత ఆ డివిజనులో ఒక సిమెంటు రోడ్డు పని మొదలైనది. గెలిచినవారే స్వయముగా ఆమె ఇంటికి వచ్చి అంచనా కాగితము జిరాక్సు ఇచ్చి, "ఇదిగో అక్కా, నువ్వు అడగకముందే" అన్నారు. వారు నవ్వుతూ అన్నారు గాని కాగితము ఇచ్చారు. ఆ కాగితము ఆమె గోడమీదకు వెళ్లింది.

2024 సెప్టెంబరు మొదటి రోజున బుడమేరు పొంగి మా ప్రాంతమంతా మునిగింది. ఆ మరునాడు ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణమ్మ 11 లక్షల క్యూసెక్కులకు మించి ప్రవహించింది. నీరు తీసిన తరువాత ప్రభుత్వము నేల అంతస్తు మునిగిన ఇంటికి 25,000 రూపాయలు, పై అంతస్తువారికి 10,000 రూపాయలు ప్రకటించింది. నష్టము నమోదు చేసి, వార్డు సచివాలయాల వద్ద జాబితాలు పెట్టారు. బురద కడుక్కుంటూ, తడిసిన పుస్తకాలు ఆరబెట్టుకుంటూ ఉన్న జనానికి జాబితా చదివే ఓపిక ఎక్కడిది? మన సహోదరి నలుగురు డ్వాక్రా స్త్రీలను వెంటబెట్టుకొని సందు సందూ తిరిగింది. ఇంటి నంబరు, అంతస్తు, జాబితాలో పేరు ఉన్నదీ లేనిదీ నోటుబుక్కులో వ్రాసుకున్నది. పేరు లేనివారి చేత అర్జీలు పెట్టించింది. కొందరికి తరువాత వచ్చింది, కొందరికి రాలేదు. రానివారు కూడా "మాకు ఎందుకు రాలేదో కాగితం మీద ఉంది" అని చెప్పగలిగారు. పేదవానికి అది చిన్న సంగతి కాదు. ఆమె పార్టీని చూడలేదు, మతమును చూడలేదు. తన ఇల్లు కూడా మునిగిందని చాలామందికి చివరివరకు తెలియదు.

వేదాంత డిప్లొమా చదివిన రోజులలో మేము సమూయేలు ప్రవక్త చరిత్రను పరీక్ష కొరకు చదివాము. ఆయన ముసలితనములో ప్రజలందరి ముందు నిలబడి, తాను ఎవరి పశువునైనా తీసుకున్నానేమో, ఎవరి యొద్దనైనా లంచము పట్టానేమో చెప్పమని తానే అడిగాడు. ఎవరో నిలదీయకముందే అడిగాడు. యెరూషలేములోని పేదలకు చందా చేరవేసేటపుడు పౌలు ఒంటరిగా వెళ్లలేదు, సంఘాలు ఏర్పరచినవారిని తోడు తీసుకున్నాడు. ఎవరూ నింద మోపకుండా ఉండాలని ఆయన జాగ్రత్త. అపొస్తలునికే అంత జాగ్రత్త అవసరమైతే సర్పంచికి, కార్పొరేటరుకు, సంఘ కాపరికి అక్కరలేదా? మా సంఘములో ఏటా చదివి వినిపించే లెక్కను ఇప్పుడు నెలనెలా మందిరము తలుపు ప్రక్కన అంటిస్తున్నాము. బెల్షస్సరు రాజు లెక్కను వేరొక చెయ్యి వచ్చి గోడమీద వ్రాయవలసి వచ్చింది. మన లెక్కను మన చేతితోనే ముందుగా వ్రాసుకోవడం మేలు.

లెక్క చదివి వినిపిస్తే ఏమవుతుందో మన దేశము ఇంతకుముందే చూసింది. 1994లో రాజస్థాన్‌లో అరుణా రాయ్, ఆమెతో పనిచేసిన కూలీలు, రైతులు పల్లెలలో డేరా వేసి, కూలి చెల్లించిన మస్టరు రోళ్లను అందరి ముందు చదివి వినిపించారు. పని చేయనివారి పేర్లు, జరగని పనులు అప్పుడు బయటపడినవి. చదువురాని కూలీలే తప్పు పట్టుకున్నారు. ఎందుకంటే ఆ పనిలో ఎవరున్నారో, ఎవరు లేరో వారికి తెలుసు. ఆ కూడికలనుండి పెరిగిన ఉద్యమమే 2005లో సమాచార హక్కు చట్టముగా మన చేతికి వచ్చింది. మన రాష్ట్రములో ఉపాధి హామీ పనులపై సామాజిక తనిఖీలు 2006లోనే మొదలైనవి. సముద్రాల అవతల బ్రెజిల్ దేశములోని పోర్టో అలెగ్రె అనే పట్టణములో 1989 నుండి పేటలలోని ప్రజలే కూడి, బడ్జెట్టులో ఏ పని ముందు, ఏ పని వెనుక అని నిర్ణయించారు.

పల్లెలలోని మన కుటుంబాలకు దీనికంటె దగ్గర దారి ఉన్నది. మీకు గ్రామసభ ఉన్నది. ఓటరు జాబితాలో పేరున్న ప్రతివారూ అందులో సభ్యులే. 2024 ఆగస్టు 23న మన రాష్ట్రములోని 13,326 పంచాయతీలలో ఒకే రోజున గ్రామసభలు జరిగాయి. మేము వెళ్లే ఊళ్లలో ఆ రోజున ఎవరెవరు వెళ్లారని అడిగితే మనవారిలో చేతులు ఎత్తినవారు కొద్దిమందే. "మమ్మల్ని ఎవరు పిలిచారు అయ్యగారూ" అన్నారు. గ్రామసభకు పిలుపు అక్కరలేదు. అది మన ఇంటి కళ్లం వంటిది.

మీ పంచాయతీకి ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అనేది ఈ-గ్రామ స్వరాజ్‌లో కనబడుతుంది. ఫోను వాడటం తెలిసిన మీ పిల్లలచేత చదివించుకోండి. కాగితము కావాలంటే సమాచార హక్కు దరఖాస్తుకు గ్రామ స్థాయిలో రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి అదీ లేదు. 30 రోజులలో జవాబు రావాలి, రాకపోతే అప్పీలు ఉన్నది. జరుగుతున్న పనిని వెళ్లి చూడడానికి, వాడుతున్న సామాను నమూనా అడగడానికి కూడా ఆ చట్టములో హక్కు ఉన్నది. అడిగేటపుడు కోపముగా అడగకండి. మన సహోదరి కుట్టు టేపుతో వెళ్లినట్లు వెళ్లండి. కొలత సరిపోతే పని చేసినవారిని పదిమందిలో మెచ్చుకోండి. సరిపోకపోతే నెమ్మదిగా మరల అడగండి. ఒక్కరే వెళ్లకండి, ముగ్గురు నలుగురు కలిసి వెళ్లండి.

మీ ఇంటినుండి, మీ సంఘమునుండి ఎవరైనా వార్డు మెంబరుగానో, సర్పంచిగానో, కార్పొరేటరుగానో నిలబడాలనుకుంటే వద్దని చెప్పకండి. నామినేషను వేయకముందే వారి ఇంటి ముందు గోడమీద ఒక కాగితము అంటించమనండి. అందులో మొదటి వరుసలో వారి సొంత లెక్క వ్రాయమనండి. ఆ కాగితము చదవడానికి వీధిలోనివారు ఆగితే, వారికి ఒక బెంచీ వేసి కూర్చోబెట్టండి.

ప్రభువు మిమ్మును, మీ ఊరిని దీవించును గాక.